సాఫ్ట్‌వేర్‌ను అచ్చువేసిన పత్రికలు

1980ల మొదట్లో వెలువడిన అమెరికన్ కంప్యూటర్ పత్రిక ఏదైనా ఇవాళ తిరగేస్తే, చూపు ముందుగా ఆగేది ప్రోగ్రాముల పేజీల దగ్గర. ఎడమ అంచున 10, 20, 30 అంటూ వరుస సంఖ్యలు, వాటి పక్కన బేసిక్ భాషలో ఆదేశాలు, ఆ కింద కామాలతో విడదీసిన అంకెల బారులు. పాఠకుడు పత్రికను కీబోర్డు పక్కన తెరిచి పెట్టుకుని, ఆ పేజీల్లో ఉన్నదంతా అక్షరం పొల్లుపోకుండా టైపు చేయాలి. చిన్న ప్రోగ్రామైతే గంటలో అయిపోయేది. పెద్దదైతే కొన్ని సాయంత్రాలు పట్టేది. ఆట ఆడటమైనా, ఇంటి ఖర్చుల లెక్క చూడటమైనా ఆ తర్వాతే.

ఆ శ్రమను వెనుకబాటుతనానికి గుర్తుగా చూసేవాళ్లున్నారు, ముచ్చటైన జ్ఞాపకంగా తలచుకునేవాళ్లూ ఉన్నారు. రెండు చూపుల్లోనూ అసలు సంగతి జారిపోతుంది. 1975 నుంచి దాదాపు పదేళ్లపాటు వ్యక్తిగత కంప్యూటర్ బతికి బట్టకట్టింది పత్రికల వల్లే. తొలినాళ్లలో కంప్యూటర్లు అమ్మే దుకాణాలు దాదాపు లేవు. సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. సొంత యంత్రం మీద పని నేర్పే బడులు లేవు, ఒక కంపెనీ యంత్రానికీ మరో కంపెనీ యంత్రానికీ పొత్తు కుదిర్చే వ్యవస్థ లేదు. ఈ పనులన్నీ పత్రికలే నెత్తిన వేసుకున్నాయి. వాటిని వేరేవాళ్లు ఒక్కొక్కటిగా అందుకుంటున్న కొద్దీ పత్రికలు లావెక్కాయి, ఆదాయం పెరిగింది, పాఠకుడి స్థానం మాత్రం మారింది. అంతవరకు పత్రికకు రాసే మనిషి, ఆ తర్వాత పత్రిక చూసి కొనే మనిషి అయ్యాడు.

ఈ వ్యాపారంలో మొదటి పెద్ద సంఘటన ఒక ముఖచిత్రం. 1974 జులైలో 'రేడియో ఎలక్ట్రానిక్స్' పత్రిక జొనాథన్ టైటస్ రూపొందించిన మార్క్-8 అనే యంత్రాన్ని పరిచయం చేసింది. ఇంటెల్ 8008 చిప్‌తో దాన్ని ఎవరికి వారు కట్టుకోవాలి. పోటీలో ఉన్న 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' అంతకంటే మెరుగైన యంత్రం కోసం వెతికింది. న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకెర్కీ పట్టణంలో ఎడ్ రాబర్ట్స్ నడిపే ఎంఐటీఎస్ అనే చిన్న కంపెనీ దొరికింది. కాలిక్యులేటర్ల ధరలు పడిపోవడంతో ఆ కంపెనీ అప్పటికే అప్పుల్లో ఉంది. 1975 జనవరి సంచిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వచ్చింది. కిట్ ధర 397 డాలర్లు. విడిగా కొంటే అందులోని ఇంటెల్ 8080 చిప్ ఒక్కటే 360 డాలర్లు పలికే రోజులవి. అసలు నమూనా యంత్రం న్యూయార్క్‌లోని పత్రిక కార్యాలయానికి వెళ్తూ దారిలో పోయింది. అందువల్ల ముఖచిత్రంలో కనిపించింది లోపల ఏమీ లేని డొల్ల పెట్టె.

ఆ పెట్టె బొమ్మ చూసి వేలమంది ఆల్బుకెర్కీకి డబ్బు పంపారు. ఎన్నడూ పేరు వినని కంపెనీకి, నెలల తరబడి ఆలస్యమవుతున్నా, ఎందుకు పంపారు? దశాబ్దాలుగా ఇలాంటి పత్రికల నుంచే అమెరికన్ ఔత్సాహికులు రేడియోలు, యాంప్లిఫయర్లు, కొలత పరికరాలు కట్టుకుంటూ వచ్చారు. పత్రిక సర్క్యూట్ బొమ్మ అచ్చువేసిందంటే అది పనిచేస్తుందన్న నమ్మకం అప్పటికే ఉంది. ఆల్టెయిర్‌కు దక్కిన ఆదరణలో ఆ పాత నమ్మకానిదే ప్రధాన పాత్ర. యంత్రం చూస్తే అందులో ఉన్న మెమరీ 256 బైట్లు. కీబోర్డు లేదు, తెర లేదు. ముందున్న మీటలను పైకీ కిందికీ ఆడిస్తూ ఒక్కో సంఖ్యను లోపలికి పంపాలి, చిన్న దీపాలు వెలిగే తీరును బట్టి జవాబు చదువుకోవాలి. హార్వర్డ్ స్క్వేర్‌లోని పత్రికల దుకాణంలో ఆ సంచికను కొన్న పాల్ ఆలెన్ దాన్ని బిల్ గేట్స్‌కు చూపించడం, ఇద్దరూ కలిసి ఆల్టెయిర్ కోసం బేసిక్ రాయడం అందరికీ తెలిసిన కథే. ఆ కథకు అవతలి వైపున జరిగింది చాలామందికి తెలియదు. పత్రికల చరిత్రకు సంబంధించినంతవరకు అదే ముఖ్యమైన భాగం.

ఒక చిన్న బేసిక్ చేసిన ప్రయాణం

ఆల్టెయిర్ బేసిక్ కాగితపు టేపుల మీద వచ్చేది. ఔత్సాహికులు దాన్ని ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకున్నారు. 1976 ఫిబ్రవరిలో గేట్స్ ఆ ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. ఎంఐటీఎస్ సొంత పత్రిక 'కంప్యూటర్ నోట్స్' దాన్ని అచ్చువేసింది. వాడుతున్నవాళ్లలో చాలామంది తమ సాఫ్ట్‌వేర్‌ను దొంగిలిస్తున్నారని, ఆల్టెయిర్ యజమానుల్లో పదిశాతం కన్నా తక్కువ మందే బేసిక్ కొన్నారని, వచ్చిన రాబడిని తాము పెట్టిన సమయంతో భాగిస్తే గంటకు రెండు డాలర్లు కూడా పడలేదని అతని ఫిర్యాదు. వ్యాపారం దృష్టితో చూస్తే అందులో న్యాయం లేకపోలేదు. కాకపోతే అదే సమయంలో కాలిఫోర్నియాలో ఇంకో జవాబు తయారవుతోంది.

మెన్లో పార్క్‌లో బాబ్ ఆల్‌బ్రెక్ట్ 1972 నుంచి 'పీపుల్స్ కంప్యూటర్ కంపెనీ' అనే పత్రిక నడుపుతున్నాడు. పేరులో కంపెనీ ఉన్నా అది కంప్యూటర్‌ను మామూలు మనుషుల చేతికి, ముఖ్యంగా పిల్లల చేతికి అందించాలన్న పట్టుదలతో వచ్చిన పత్రిక. అందులో డెనిస్ ఆలిసన్ అతి తక్కువ మెమరీలో ఇమిడే ఒక చిన్న బేసిక్‌ను ఎలా కట్టుకోవచ్చో వివరిస్తూ రాశాడు. పూర్తి ప్రోగ్రామును అతను ఇవ్వలేదు. నమూనా గీసి, మిగతాది పాఠకులకు వదిలాడు. పాఠకులు అందుకున్నారు. టెక్సస్‌లోని టైలర్ ఊరి నుంచి డిక్ విపుల్, జాన్ ఆర్నాల్డ్ తాము కట్టిన బేసిక్‌ను పూర్తిగా పంపించారు. వచ్చినదంతా వేయడానికి ఉన్న పత్రిక సరిపోకపోవడంతో, ఫొటోకాపీ తీసిన మూడు సంచికలతో ముగించేద్దామన్న ఉద్దేశంతో 1976 జనవరిలో మరో పత్రిక మొదలుపెట్టారు. డెనిస్, బాబ్ పేర్లను కలిపి దానికి 'డాక్టర్ డాబ్స్ జర్నల్' అని పేరు పెట్టారు. సంపాదకుడిగా జిమ్ వారెన్ వచ్చాడు. మూడు సంచికల పత్రిక మూడు దశాబ్దాలు దాటి 2009 దాకా అచ్చులో నిలిచింది.

ఆ పత్రిక 1976 మే సంచికలో లీ-చెన్ వాంగ్ రాసిన 'పాలో ఆల్టో టైనీ బేసిక్' వచ్చింది. మొత్తం రెండు కిలోబైట్ల లోపే. అంత ఇరుకులో తప్పుల గురించి పెద్ద సందేశాలకు చోటు ఉండదు కాబట్టి వాంగ్ మూడింటితో సరిపెట్టాడు. రాసిన ఆదేశం అర్థం కాకపోతే 'వాట్?', అర్థమైనా చేయలేని పని అయితే 'హౌ?', మెమరీ చాలకపోతే 'సారీ'. లిస్టింగ్, అంటే అచ్చయిన ప్రోగ్రాము, పైభాగాన హక్కుల ప్రకటన ఉండవలసిన చోట 'కాపీరైట్', 'ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్' అన్న మామూలు మాటలను తిరగేసి 'కాపీలెఫ్ట్' అని, 'ఆల్ రాంగ్స్ రిజర్వ్‌డ్' అని రాశాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పేరు పెట్టుకుని బయలుదేరడానికి అది ఏళ్ల ముందటి మాట.

ఆ లిస్టింగ్ ఆ తర్వాత ఎక్కడెక్కడికి వెళ్లిందో చూస్తేనే పత్రిక బలం తెలుస్తుంది. 1977 ఆగస్టులో టాండీ సంస్థ తన రేడియో షాక్ దుకాణాల ద్వారా టీఆర్‌ఎస్-80 అనే కంప్యూటర్‌ను విడుదల చేసింది. తెరతో కలిపి ధర 599 డాలర్లు. దాన్ని రూపొందించిన స్టీవ్ లైనింగర్ అందులోని మొదటి స్థాయి బేసిక్‌కు వాంగ్ లిస్టింగ్‌నే పునాదిగా తీసుకున్నాడు. ఆ విధంగా ఒక ఫొటోకాపీ పత్రికలో పుట్టిన మూడు సందేశాలు అమెరికా అంతటా ఊరూరా ఉన్న దుకాణాల్లోని యంత్రాల తెరల మీదికి చేరాయి.

అక్కడితో ఆగలేదు. ఆనాటి యుగోస్లావియాలో 50 జర్మన్ మార్కులు దాటిన వస్తువును దిగుమతి చేసుకునే వీలు లేదు. పశ్చిమ యూరప్‌లో దొరికే అతి చవక కంప్యూటర్ కూడా ఆ హద్దు దాటేది. 1983 వేసవిలో వోయా ఆంతోనిచ్ అనే ఇంజినీరు సెలవుల్లో ఉండగా ఒక ఆలోచన చేశాడు. తెర మీద బొమ్మ చూపించడానికి వేరే ఖరీదైన చిప్ ఎందుకు, జెడ్80 ప్రాసెసర్ చేతనే ఆ పని కూడా చేయించవచ్చు కదా అని. అలా చేస్తే భాగాల సంఖ్య బాగా తగ్గుతుంది, ఇంట్లో కూర్చుని టంకం పెట్టుకునేవాళ్లకు అందుబాటులోకి వస్తుంది. బెల్‌గ్రేడ్ నుంచి వెలువడే 'గలాక్సియా' అనే జనరంజక విజ్ఞాన పత్రిక దీని కోసం ఒక ప్రత్యేక సంచికే కేటాయించింది. 'మీ ఇంట్లో కంప్యూటర్లు' అన్న అర్థం వచ్చే పేరుతో, దేయాన్ రిస్తానోవిచ్ రచనలతో 1984 ఆరంభానికల్లా అది పాఠకుల చేతికి వచ్చింది. సర్క్యూట్ మొత్తం అందులో ఉంది. భాగాలు తెప్పించుకునే చిరునామాలూ ఉన్నాయి. వందల మంది కడితే గొప్ప అనుకున్న చోట, యంత్రం కట్టుకున్నామంటూ పత్రికకు రాసినవాళ్లు 8,000 దాటారు. ఆ యంత్రానికీ గలాక్సియా అన్న పేరే స్థిరపడింది.

అందులోని 4 కిలోబైట్ల రోమ్‌లో, అంటే చెరగని మెమరీలో, ఇమిడిన బేసిక్ కోసం ఆంతోనిచ్ టీఆర్‌ఎస్-80 మొదటి స్థాయి బేసిక్‌ను తీసుకుని విపరీతంగా మార్చాడు. మారకుండా మిగిలినవాటిలో ఆ మూడు సందేశాలున్నాయి. పాలో ఆల్టోలో పుట్టిన 'వాట్?', 'హౌ?', 'సారీ' ఎనిమిదేళ్ల తర్వాత బెల్‌గ్రేడ్, జాగ్రెబ్ ఇళ్లలోని టీవీ తెరల మీద కనిపించాయి. దారిలో ఒక దుకాణాల సంస్థ వచ్చింది కానీ, ప్రయాణం మొదలైందీ చివరికి జనంలోకి వెళ్లిందీ పత్రికల ద్వారానే. అదే సమయంలో బెల్‌గ్రేడ్ రేడియోలో జోరాన్ మోద్లీ నడిపిన 'వెంటిలేటర్ 202' కార్యక్రమం ప్రోగ్రాములను శబ్దాలుగా ప్రసారం చేసేది. శ్రోతలు క్యాసెట్లలో రికార్డు చేసుకుని తమ యంత్రాల్లోకి ఎక్కించుకునేవారు. గేట్స్ ఫిర్యాదుకు ఇదంతా ఖండన కాదు. కానీ రాసినదాన్ని బహిరంగంగా అచ్చువేస్తే అది ఎంత దూరం వెళ్లగలదో చూపించడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ ఆ కాలంలో ఇంకొకటి కనిపించదు.

కాగితం నుంచి యంత్రంలోకి

'బైట్' పత్రిక 1975 సెప్టెంబరులో న్యూహ్యాంప్‌షైర్‌లోని పీటర్‌బరో నుంచి మొదలైంది. ప్రారంభించింది వేన్ గ్రీన్, సంపాదకుడు కార్ల్ హెల్మర్స్. పత్రిక యాజమాన్యం కొద్ది నెలల్లోనే గ్రీన్ మాజీ భార్య వర్జీనియా చేతికి వెళ్లింది, గ్రీన్ 1977లో 'కిలోబాడ్' అనే పోటీ పత్రిక పెట్టాడు. ఆ తగాదా సంగతి అలా ఉంచితే, 'బైట్' చేసిన తొలి మంచి పనుల్లో ఒకటి 1975 నవంబరులో మిస్సోరీ రాష్ట్రపు కన్సాస్ సిటీలో తయారీదారులను ఒక చోట కూర్చోబెట్టడం. ప్రోగ్రామును దాచుకోవడానికి అందరి దగ్గరా ఉన్న చవక సాధనం మామూలు టేప్ రికార్డర్. కానీ ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో దాస్తే ఒకరి క్యాసెట్ ఇంకొకరికి పనికిరాదు. ఆ సమావేశంలో కుదిరిన ఒప్పందం ప్రకారం సున్నాకు 1200 హెర్ట్జ్ శబ్దం నాలుగు ఆవర్తనాలు, ఒకటికి 2400 హెర్ట్జ్ శబ్దం ఎనిమిది ఆవర్తనాలు. సెకనుకు 300 బిట్లు, అంటే దాదాపు 27 అక్షరాలు. నాలుగు కిలోబైట్ల బేసిక్‌ను ఎక్కించడానికి రెండున్నర నిమిషాలు పట్టేది. నెమ్మదే అయినా, ఆ పద్ధతికి కట్టుబడిన యంత్రాలు ఒకదాని క్యాసెట్‌ను ఇంకొకటి చదివేవి.

టైపు చేసే బాధ తప్పించడానికి పత్రికలు చేయని ప్రయత్నం లేదు. 'ఇంటర్‌ఫేస్ ఏజ్' 1977 మే సంచికలో మోటరోలా 6800 ప్రాసెసర్ కోసం రాబర్ట్ యూటర్‌విక్ రాసిన 4కే బేసిక్‌ను పలుచని ప్లాస్టిక్ గ్రామఫోన్ రికార్డుగా పెట్టి ఇచ్చింది. పాఠకుడు దాన్ని రికార్డు ప్లేయర్ మీద పెట్టి, వచ్చే శబ్దాన్ని యంత్రానికి అందించాలి. 'బైట్' కొన్నాళ్లు ప్రోగ్రాములను బార్‌కోడ్ చారలుగా అచ్చువేసింది. ఇవేవీ నిలదొక్కుకోలేదు. చారలు చదివే పరికరం కోసం వేరే ఖర్చు పెట్టే ఓపిక ఎక్కువ మందికి లేకపోయింది. చివరికి మిగిలింది మనిషి చేతివేళ్లే.

అందుకే టైపు చేసేటప్పుడు దొర్లే తప్పుల సమస్య మీద అంత బుర్ర పెట్టారు. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరో నుంచి 1979లో మొదలైన 'కంప్యూట్!' ఈ విషయంలో అందరికన్నా ముందుకు వెళ్లింది. అంకెల బారుల్లో ఒక్క అంకె తప్పినా యంత్రం బిగుసుకుపోయేది. అప్పుడు స్విచ్ ఆపి వేయడం తప్ప దారి ఉండదు, గంటల శ్రమ గాలికి పోతుంది. అందుకే నడిపించే ముందు ఒకసారి టేపు మీదో డిస్కు మీదో దాచుకోమని పత్రిక పదేపదే చెప్పేది. 1983 అక్టోబరులో చార్లెస్ బ్రానన్ 'ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్' అనే చిన్న ప్రోగ్రామును అందించాడు. పాఠకుడు ఒక వాక్యం టైపు చేసి రిటర్న్ మీట నొక్కగానే తెర పైభాగాన ఒక సంఖ్య కనిపిస్తుంది. పత్రికలో ఆ వాక్యం చివర అచ్చయిన సంఖ్యతో అది సరిపోతే ముందుకు సాగవచ్చు, సరిపోకపోతే ఆ వాక్యంలోనే తప్పుందని అర్థం. వాక్యంలోని అక్షరాల విలువలన్నింటినీ కూడి తెచ్చే సంఖ్య అది. కూడిక మీద ఆధారపడటంలోనే దాని బలహీనత కూడా ఉంది. 13 అని కొట్టాల్సిన చోట 31 అని కొట్టినా మొత్తం మారదు కాబట్టి తప్పు దొరకదు. 1986లో వచ్చిన కొత్త రూపంలో అక్షరం ఏ స్థానంలో ఉందో కూడా లెక్కలోకి తీసుకుని ఆ లోపాన్ని సరిదిద్దారు.

అచ్చులో దొర్లిన తప్పులకు ఇదే పత్రికలో 'కాప్యూట్!' అనే శీర్షిక ఉండేది. కిందటి నెల ఫలానా పేజీలో ఫలానా వాక్యం ఇలా ఉండాలి, ఫలానా యంత్రం వాడేవాళ్లు ఈ మార్పు చేసుకోవాలి అని అందులో చెప్పేవారు. ఆ శీర్షికలను వరుసగా చదివితే ఆనాటి పత్రిక అసలు స్వభావం బోధపడుతుంది. రాసిన మనిషి పేరు ఉంది. తప్పు పట్టిన పాఠకులున్నారు. సవరణ తేదీతో సహా అచ్చులో ఉంది. పాఠకుడు టైపు చేసిన ప్రతి వాక్యం అతని కళ్ల ముందు విప్పి ఉంది. బేసిక్ ఒక్కో కంపెనీ యంత్రంలో ఒక్కో రకంగా ఉండటం వల్ల, తన యంత్రానికి సరిపడేలా మార్చుకోవడం కూడా అతని పనే. న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్ నుంచి డేవిడ్ ఆల్ నడిపిన 'క్రియేటివ్ కంప్యూటింగ్' 1974 చివరి నుంచి ఈ పద్ధతిలోనే ఆటలు వేసింది. ఆల్ కూర్చిన బేసిక్ ఆటల పుస్తకం పది లక్షల ప్రతులు అమ్ముడుపోయిన మొదటి కంప్యూటర్ పుస్తకం. వాటిలో చాలా ఆటలు చూడటానికి సాదాసీదా. వాటిని మార్చుకుంటూ పోయినవాళ్లకు చదువైంది ఆ మార్పులే.

అయితే ఈ చిత్రాన్ని మరీ అందంగా గీయడం సరికాదు. టైపు చేసిన వాళ్లందరూ ప్రోగ్రామర్లు కాలేదు. పైగా పత్రికల ప్రోగ్రాములు మెరుగవుతున్న కొద్దీ చదవడానికి వీలులేనివి అయ్యాయి. వేగం కావాలంటే బేసిక్ సరిపోదు, ప్రాసెసర్ నేరుగా అర్థం చేసుకునే యంత్రభాష కావాలి. యంత్రభాషను అచ్చువేస్తే మిగిలేవి ఉత్త అంకెలు. 1983 డిసెంబరులో 'కంప్యూట్!' ఎమ్ఎల్ఎక్స్ అనే ప్రోగ్రామును తెచ్చింది. వరుసకు ఆరు సంఖ్యలు, ఏడోది సరిచూసుకునే సంఖ్య. తప్పు కొడితే యంత్రం మోత చేసి మళ్లీ కొట్టమంటుంది. మరుసటి నెల సోదర పత్రిక 'కంప్యూట్!స్ గెజెట్'లో బ్రానన్ రాసిన 'స్పీడ్‌స్క్రిప్ట్' ఆ రూపంలో వచ్చింది. అయిదారు కిలోబైట్ల లోపు పూర్తిస్థాయి వర్డ్ ప్రాసెసర్. కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ ఉన్న లెక్కలేనన్ని ఇళ్లలో బడి వ్యాసాలు, ఉత్తరాలు దాని మీదే రాశారు. పత్రిక ధరకే దుకాణాల్లోని ఖరీదైన ప్యాకేజీలతో పోల్చదగ్గది దొరికింది. కానీ దాన్ని టైపు చేసిన మనిషి ఆ అంకెల నుంచి నేర్చుకోగలిగింది ఓర్పు తప్ప వేరే లేదు. నేర్చుకోవాలన్న వాళ్ల కోసం 1985లో మూల రూపాన్ని పుస్తకంగా విడిగా వేయవలసి వచ్చింది. పాఠకుడికీ ప్రోగ్రాముకూ మధ్య తెర పడటం బయటి వ్యాపారం వల్లే జరగలేదు, ఆ పత్రికల లోపలే మొదలైంది.

కొనేవాళ్ల కోసం

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. ఆ తర్వాతి నెల 'బైట్'లో జిమ్ గిల్‌బ్రెత్ ఒక వ్యాసం రాశాడు. ప్రధాన సంఖ్యలను ఏరడానికి ఎరటోస్తనీస్ పేర చలామణిలో ఉన్న జల్లెడ పద్ధతిని ఒక పేజీ ప్రోగ్రాముగా మార్చి, దాన్ని రకరకాల భాషల్లో, రకరకాల యంత్రాల మీద నడిపి ఎంత సమయం పడుతుందో చూపించాడు. సరిగ్గా నడిస్తే జవాబు 1,899 రావాలి. పాఠకుడు తన యంత్రం మీద అదే ప్రోగ్రామును నడిపి, గడియారం చూసుకుని, తన ఫలితాన్ని పట్టికతో పోల్చుకోవచ్చు. 1983 జనవరిలో మరెన్నో యంత్రాల ఫలితాలతో ఆ పట్టిక పెద్దదై మళ్లీ వచ్చింది. కొలిచే సాధనం పాఠకుడి చేతిలోనే ఉండటం ఈ పద్ధతిలో గొప్పతనం.

ఆ తర్వాత కాలపు పత్రికల్లో కొలత ప్రయోగశాలకు వెళ్లిపోయింది. 1982లో 'పీసీ మ్యాగజైన్'ను మొదలుపెట్టింది డేవిడ్ బన్నెల్. ఒకప్పుడు ఎంఐటీఎస్‌లో 'కంప్యూటర్ నోట్స్' నడిపి గేట్స్ లేఖను అచ్చువేసిన మనిషే. ఏడాది తిరగకుండా ఆ పత్రిక జిఫ్-డేవిస్ సంస్థ చేతికి వెళ్లింది. బన్నెల్‌తో పాటు సిబ్బందిలో అత్యధికులు బయటికొచ్చి 1983లో 'పీసీ వరల్డ్', 1984లో మెకింతోష్‌తో పాటే 'మ్యాక్‌వరల్డ్' పెట్టారు. ప్రకటనలు ఎంతగా వచ్చిపడ్డాయంటే, ఒక్కో సంచిక మోయలేనంత లావెక్కడంతో 1984లో 'పీసీ మ్యాగజైన్' పక్షపత్రికగా మారింది. అందులో పదుల కొద్దీ ప్రింటర్లను ఒకే వరుసలో నిలబెట్టి పరీక్షించి, వీటిలో ఏది కొనవచ్చో చెప్పేవారు. ఆ పరీక్షలు శ్రద్ధగా చేసినవి. వేల డాలర్లు పెట్టి కొనేవాళ్లకు నిజంగా ఉపయోగపడ్డాయి. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే లెక్కల పట్టికల ప్రోగ్రాము లాంటి ప్యాకేజీ కొన్న మనిషి దాన్ని టైపు చేసుకోవాలనీ లోపల చూడాలనీ అడగడు, ఏ యంత్రం మీద వేగంగా నడుస్తుందని అడుగుతాడు. పత్రిక ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది.

ఇక్కడ 'బైట్' గురించి ఒక మంచి మాట చెప్పకుండా ఉండటం అన్యాయం. 1979లో మెక్‌గ్రా-హిల్ కొన్న తర్వాత కూడా అది చాలా ఏళ్లు లోతును వదులుకోలేదు. 1981 ఆగస్టు సంచికను జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పుట్టిన స్మాల్‌టాక్ భాషకు అంకితం చేసింది. రాబర్ట్ టిన్నీ ముఖచిత్రంగా గీసిన రంగుల బెలూన్ ఇప్పటికీ ఆ భాషకు గుర్తుగా నిలిచింది. అప్పటిదాకా ఒక సంస్థ గోడల మధ్య ఉన్న ఆలోచనలను, వాటిని కనిపెట్టినవాళ్ల చేతనే రాయించి, నాలుగు రోడ్ల కూడలి దుకాణంలో దొరికేలా చేసింది. 1998 జులైలో 'బైట్' అచ్చు ఆగిపోయినప్పుడు కలిగిన వెలితి వాణిజ్య పత్రికలేవీ పూడ్చలేనిది.

మిగతావాటి అంతం చప్పునే వచ్చింది. ఆపిల్ వాడకందారుల 'సాఫ్టాక్' 1984 ఆగస్టులో, 'క్రియేటివ్ కంప్యూటింగ్' 1985 డిసెంబరులో ఆగిపోయాయి. ఇళ్లలోని కంప్యూటర్ల మార్కెట్ చతికిలబడటంతో ప్రకటనలు పెద్ద పత్రికల వైపు మళ్లాయి. బ్రిటన్‌లో ఆటల పత్రికలు లిస్టింగులు వదిలేసి ముఖపత్రానికి క్యాసెట్ అతికించడం మొదలుపెట్టాయి. 'కంప్యూట్!' 1988లో ప్రోగ్రాములు అచ్చువేయడం మానేసింది. డిస్కెట్టు చవకైంది, మోడెమ్ వచ్చింది, ప్రోగ్రాములు లక్షల బైట్లకు పెరిగాయి. కాగితం మోయగల బరువును అవి దాటిపోయాయి.

భారతదేశంలో ఈ చరిత్ర వేరే దారిలో నడిచింది. 1982 డిసెంబరులో మొదలైన 'డేటాక్వెస్ట్' పరిశ్రమ వార్తల పత్రిక. వాడకందారుల కోసం 'పీసీక్వెస్ట్' వచ్చింది 1987లో. అప్పటికి మధ్యతరగతి ఇంట్లో కంప్యూటర్ దాదాపు లేదు. అందువల్ల పత్రిక పక్కన పెట్టుకుని ఆటను టైపు చేసుకునే దశ మన ఇళ్లలో పెద్దగా కనిపించదు. తెలుగులో 'కంప్యూటర్ ఎరా' వంటి మాసపత్రికలు వచ్చేనాటికి పాఠకుడి ముందున్నది విండోస్. దాని చిక్కుముడులను మాతృభాషలో విప్పి చెప్పడమే వాటి పని. ఇంగ్లీషు హెల్ప్ ఫైళ్లు చదవలేని వేలమందికి ఆ పని అత్యవసరమైనది కూడా.

అయినా సాఫ్ట్‌వేర్‌ను మోసే పాత్ర ఇక్కడ పత్రికకు ఇంకోసారి దక్కింది. 1990ల రెండో సగంలో 'పీసీక్వెస్ట్' సంచికతో పాటు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న సీడీని ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక సీడీలో 650 మెగాబైట్లు. ఆనాటి 28.8 కిలోబిట్ల డయలప్ మోడెమ్ మీద అంత దించుకోవాలంటే లైను ఒక్కసారి కూడా తెగకుండా 50 గంటలు ఉండాలి, ఆ మేరకు ఫోను బిల్లు కట్టాలి. ఎంతోమంది ఇంజినీరింగ్ విద్యార్థులకు లినక్స్ మొదట చేతికి అందింది ఆ సీడీ ద్వారానే. ఒకరు కొంటే హాస్టల్ గదుల్లో చేతులు మారేది. డిస్కును ఎలా విభజించాలో, తెర కార్డు గుర్తించకపోతే ఏ ఫైలు మార్చాలో సంచికలోని వ్యాసాలు చెప్పేవి. ఆపరేటింగ్ సిస్టమ్ మూలరూపం మొత్తం అదే లినక్స్‌తో పాటు తెరిచి ఉండేది, కావాలనుకున్నవాళ్లు చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. బ్రాడ్‌బ్యాండ్ ఊళ్లకు చేరిన తర్వాత ఆ సీడీల అవసరం తీరిపోయింది.